వెనక్కి వేసిన అడుగులు

ఎలీనెద్ వంటింటి కిటికీలో
ఒక నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు.
బడిలో ముప్పై ఏళ్లు
పిల్లలకి ఉడికిన బంగాళాదుంపలు వడ్డించిన చెయ్యి
ఇప్పుడు రోడ్డుని రాసుకుంటోంది.

రోడ్డంటే ఏముంది,
పలకరాళ్ల గని మూతపడ్డాక మిగిలిన వాలు.
అటు రాతిగోడ, ఇటు రాతిగోడ.
రెండు బళ్లు ఎదురైతే
మనిషికి మిగిలేది భుజమంత చోటు.
వాన కురిస్తే అదీ నీళ్లదే.
వేల్స్‌లో వాన కురవని రోజు
పుస్తకంలో వేరే రాసుకోవాలి.

కౌంటీ ఆఫీసు నుంచి వచ్చినతను మంచివాడే.
గొడుగు మర్చిపోయాడు, టీ ఇస్తే రెండు కప్పులు తాగాడు.
ఫైలు విప్పి అన్నాడు:
"అయిదేళ్లలో ఇక్కడెవరూ పోలేదు.
ఇద్దరికి చెయ్యి విరిగింది. ఒక గొర్రె.
లెక్క సరిపోవడం లేదండీ."
గొర్రెని తనే కొట్టేశాడు.

ఎలీనెద్ కళ్లద్దాలు తుడుచుకుంది.
"మీరు పడ్డవాళ్లని లెక్కపెట్టారు.
నేను వెనక్కి తగ్గినవాళ్లని రాశాను."

మంగళవారం, ఎనిమిదీ నలభై.
మాబ్లీ కొడుకు. కాలు దించాడు, తీశాడు.
దించాడు, తీశాడు.
నాలుగోసారి కళ్లు మూసుకుని పరుగు.

బుధవారం. తోపుడుబండిలో పసిది.
రోడ్డు మీదికి తల్లికన్నా ముందు
బండే కదా వెళ్లేది.
దించినట్టే దించి వెనక్కి లాగేసింది తల్లి.
తర్వాత బండిని తిప్పి,
తన వీపు రోడ్డుకిచ్చి
వెనక నడకన దాటింది.

ఇద్వాల్‌కి ఒక పేజీ మొత్తం.
అతని గుమ్మానికి ఎదురుగానే కొట్టు.
ఇంట్లోంచి రొట్టె కనిపిస్తుంది, ధర చీటీ కూడా కనిపిస్తుంది.
కర్రతో దాటలేక
ఇటువైపు బస్సెక్కి, కింద ఊరి దాకా పోయి,
బస్సు తిరిగేదాకా అందులోనే కూర్చుని
అటువైపు దిగుతాడు.
పద్దెనిమిది అడుగుల దారికి నలభై నిమిషాలు.
ఇంటికి రావడానికి మళ్లీ అంత.
విరిగిపోతాయని వేసవిలో పాలు కొనడు.

"ఇద్వాల్‌ని ఏ బండీ గుద్దలేదు," అంది ఎలీనెద్.
"మీ ఫైల్లో ఇద్వాల్ క్షేమం."

నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను,
సాక్ష్యానికొచ్చిన పెద్దమనిషిలా.
పుస్తకం చేతులు మారి నా దాకా వచ్చింది.
బుధవారం కింద ఇంకో వరస ఉంది,
ఆవిడ పైకి చదవనిది:
నీలం వ్యాను. రొట్టెలది. నలభై పైనే.

ఊళ్లో రొట్టెల వ్యాను ఒక్కటే.
తోలేది నేనే.

ఆ బుధవారం నాకు గుర్తు లేదు.
ఎంత తవ్వినా లేదు.
గుర్తుంచుకునేంత ఏమీ జరగలేదు, నాకు.

ఎలీనెద్ నా వంక చూడలేదు.
"తర్వాతి పేజీ తిప్పు," అంది.

పదహారు నెలలు పట్టింది.
ఇప్పుడు ఊరి మొదట్లో
ఎర్రటి చుట్టులో ఇరవై. గంటకి ఇరవై మైళ్లు.
జీబ్రా గీతలు వచ్చే బడ్జెట్లో అన్నారు,
తెల్లరంగు అంత పిరమట.
మొదటి వారమే ఎవరో బోర్డుకి బురద పూశారు.
ఎలీనెద్ బకెట్టుతో వచ్చింది,
నేను నిచ్చెన పట్టుకున్నాను.
ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నా రొట్టెలు నిమిషంన్నర ఆలస్యం.
ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నిన్న ఇద్వాల్ రోడ్డు మీదికి కర్ర దించాడు.
వ్యాను ఆపాను. వెనకెవడో హారన్ కొట్టాడు, కొట్టనీ.
కర్ర, కాలు. కర్ర, కాలు.
సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి
పైనుంచి బస్సొచ్చింది.
అలవాటు కొద్దీ అతని గుమ్మం ముందు ఆగి,
తలుపు తెరుచుకుని నిలబడింది.

ఇద్వాల్ వెనక్కి తిరిగి చూశాడు.
కర్ర పైకెత్తి,
గొడ్డుని అదిలించినట్టు,
పో పొమ్మన్నాడు.

తర్వాత కొట్లో అడిగితే చెప్పారు:
రొట్టె, అగ్గిపెట్టె,
రెండు సీసాల పాలు.