సెలవు చీటీ కాదు

ఇంగ్లీషులో నాకు కంఠతా వచ్చిన ఉత్తరం ఒక్కటే.
ఆరో తరగతిలో రంగనాయకి టీచరు బోర్డు మీద రాస్తే
దిగరాసుకున్నది:
జ్వరం వచ్చినందున బడికి రాలేను,
రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన.
నిజంగా జ్వరం వచ్చినప్పుడూ, పెద్దమ్మ పోయినప్పుడూ,
అమ్మ వెంట మిరపకోతలకి వెళ్లిన పది రోజులప్పుడూ
అదే ఉత్తరం.
అదే జ్వరం.

ఇప్పుడు అరండల్‌పేటలో
ఖుద్దూస్ గారి జిరాక్స్ షాపులో
పేజీ టైపింగుకి పాతిక రూపాయలు మాట్లాడుకుని
ఆయన పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.

ఏటుకూరు రోడ్డులో మసాలాలు ఎగుమతి చేసే కంపెనీ.
ల్యాబ్‌లో ఒక్క ఖాళీ. బీఎస్సీ కెమిస్ట్రీ చాలు.
రెజ్యూమెతో పాటు కవర్ లెటర్ కూడా పెట్టాలట.
"లెటర్‌కి కవరుంటుంది గానీ
కవరుకి లెటరేంటే?" అంది మా అమ్మ పొద్దున,
చద్దన్నం క్యారేజీలో సర్దుకుంటూ.

ఖుద్దూస్ గారి దగ్గర తయారుగా ఒక నమూనా ఉంది.
పేరు మారిస్తే చాలు, ఎవరికైనా అతుకుతుంది.
నిన్న ఒక నర్సుకి అతికింది,
మొన్న ట్రాక్టర్ షోరూమ్ కుర్రాడికి.
అందులో ప్రతి వాక్యం 'ఐ'తో మొదలు.
పెద్దక్షరం, పందిరి రాటలా నిట్టనిలువు.
లెక్కపెట్టాను, పదకొండు.

మా ఇంట్లో మాటల్లో 'నేను' ఎప్పుడోగానీ వినపడదు.
తిన్నాను, వచ్చాను, ఫీజు కట్టాను.
మాట చివర, తలుపు చాటున నిలబడ్డ పిల్లలా
ఒక్క 'ను'. అంతే.

"అనుభవం?" అన్నారు ఖుద్దూస్ గారు, వేళ్లు ఆపి.
లేదండీ, ఫ్రెషర్ అని కొట్టండి అన్నాను.
కొట్టారు.

ఆ మాట తెర మీద పడ్డాక
ఎందుకో నా చేతులు చూసుకున్నాను.
పదో తరగతి అయిన దగ్గర్నుంచి ఆరు ఎండాకాలాలు
కోల్డ్‌స్టోరేజీ షెడ్డులో తొడిమలు తీశాను, కిలోకింతని.
కళ్లు మూసుకుని టిక్కీలో చెయ్యి పెడితే
ఇది తేజ, ఇది బాడిగ అని చెప్తాను.
ఆరిన కాయ గలగలమంటుంది.
తేమ ఉన్న కాయ విరగదు, వంగుతుంది.
తాలుకాయని చూడక్కర్లేదు, బరువే చెప్తుంది.
సెకండియర్లో సారు ఆ మంటకి ఫార్ములా
బోర్డు మీద గీస్తుంటే
నా గోళ్ల సందుల్లో చురుక్కుమంది.
ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదని
దాని పేరు తెలియక ముందే తెలుసు నాకు.

ఇవన్నీ రాయొచ్చా అండీ?

ఆయన కాసేపు ఫ్యాను వంక చూశారు.
"కూలి అని వద్దులేమ్మా.
ఫీల్డ్ ఎక్స్‌పోజర్ అందాం."
ఆరు ఎండాకాలాలూ రెండు మాటల్లో సర్దుకుపోయాయి,
ఎక్కడా మిగల్లేదు, ఎక్కడా దగ్గు రాలేదు.

వద్దండీ, అన్నాను. తొడిమలు తీశాను అనే కొట్టండి.
"తొడిమకి ఇంగ్లీషేంటమ్మా?"
ఎక్కడో చదివాను. నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.
వెనకాల ఆధార్ జిరాక్సులకి నిలబడ్డాయన విసుక్కుంటున్నాడు.
చివరికి తొడిమ తొడిమగానే
ఇంగ్లీషు అక్షరాల్లో వెళ్లి కూర్చుంది
వాక్యం మధ్యలో, అడుగున ఎర్రగీత వేయించుకుని.

ముగింపు దగ్గర నా నోరు దానంతటదే అనేసింది:
యువర్స్ ఒబీడియంట్లీ.
ఖుద్దూస్ గారు నవ్వి ఫెయిత్‌ఫుల్లీ చేశారు.
"ఇది బడి కాదమ్మా."
దాని కింద, తాళ్లూరి ఎస్తేరు రాణి.

ఇన్నాళ్లూ రాసినవన్నీ రాలేనని చెప్పడానికే కదా.
వస్తాను అని రాయడం ఇదే మొదలు.

ప్రింటర్‌లోంచి కాగితం వెచ్చగా వచ్చింది.
ఎవరూ చూడకుండా నుదుటికి ఆనించుకున్నాను.
ఈసారి జ్వరం దానికి.
శంకర్‌విలాస్ సెంటర్ దాకా నడిచేసరికి
చల్లారింది.