బకెట్ లెక్క

బకెట్‌కి నలభై రూపాయలు.
పంపుహౌసు గొట్టాల జాలీలకి పట్టిన చిప్పల్ని
గీకి, నింపి, గట్టెక్కిస్తే.
అంచుదాకా ఉండాలి. కాంట్రాక్టరు
వడ్లు కొలిచినట్టు తలగొట్టి చూస్తాడు.

బెజవాడ బ్యారేజీకి ఎగువన,
కాలువలు కట్టేసిన నెల.
మెడలోతు నీళ్లలో నేనూ ఏసుపాదం,
ఒక లారీ ట్యూబు, రెండు బొరిగెలు.

కొత్త చిప్పలివి, గోరంతేసి.
ఎప్పుడొచ్చాయంటే
మూడేళ్లయిందంటాడు ఏసుపాదం.
ఇసుక పడవల అడుగున వచ్చాయంటాడు కాంట్రాక్టరు.
పేరడిగితే ఇద్దరూ నీళ్లలో ఉమ్మేస్తారు.
మేమే పెట్టుకున్నాం, అంటుగుల్ల అని.
పేరు లేనిదాన్ని ఎన్నాళ్లు తిడతాం?

ఒంట్లోంచి దారం తీసి
ఇనుముని పట్టుకుంటాయి.
ఇనుము దొరక్కపోతే రాయిని,
రాయి దొరక్కపోతే తోటి చిప్పని.
దాని మీద ఇంకోటి.
దాని మీద ఇంకోటి.
గీకుతుంటే నిద్దట్లో పళ్లు కొరికిన చప్పుడు.
చేతుల నిండా కనబడని కోతలు,
రాత్రి పచ్చడి కలుపుకునేటప్పుడు
ఒక్కొక్కటీ గుర్తొస్తాయి.

వాటిని తిట్టడం నాకు పూర్తిగా రాదు.
రేపల్లె నుంచి వచ్చి
కరకట్ట వాలులో నాలుగు రేకులు అంటించి,
లేవమని నోటీసిస్తే
రెండు గజాలు జరిగి
మళ్లీ అంటించినవాణ్ణి.

మధ్యాహ్నం
బొరిగె కింద ఏదో ఒదిగింది. రాయి కాదు.
అరచేతంత.
పైనంతా అంటుగుల్లలే, చింతపిక్కలు పోసినట్టు,
రెండు పెదాలూ విడకుండా కుట్టేసి.
ఆల్చిప్ప.

మా నాయనమ్మ నాంచారమ్మ దగ్గరుండేది ఒకటి.
గచ్చు మీద అరగదీసి బొక్క పెట్టి
ఆ అంచుతో మామిడికాయ చెక్కు తీసేది.
తొక్క పొడుగ్గా, తెగకుండా వచ్చేది, ఆమె తిట్టులాగే.
కత్తుంది కదా అంటే,
"కత్తి కాయని కోస్తది,
చిప్ప కాయని అడుగుద్ది" అనేది.
బతికున్నదాన్ని మాత్రం ఎప్పుడూ తీయలేదు.
కాలువ ఇంకినప్పుడు బురదలో దాని నడక చూపించేది:
ఒంటికాలు, వేలితో గీసినట్టు ఒక్క గీత,
రోజంతా నడిస్తే మూరెడు.

ఒక్కొక్కటే గోటితో పీకాను,
బొరిగె పక్కన పెట్టి.
ఏసుపాదం చూశాడు, ఏమీ అనలేదు,
తన బకెట్ తాను నింపుకున్నాడు.
వీపు మీద వలయాలు లెక్కపెట్టాను. పద్నాలుగు.
ఒకచోట రెండు ఇరుక్కుని ఒకటయ్యాయి.
ఏట్లో ఇసుక తప్ప ఏమీ పారని ఏడై ఉంటుంది.
ఆ ఏడు మా ఇంట్లోనూ ఎవరం ఎదగలేదు.

కిందటి వారం సీసాలు పట్టుకుని వచ్చిన సలోమి,
యూనివర్సిటీ పిల్ల, చెప్పింది:
దీని పిల్లలు దుమ్మంతుంటాయట,
చేప మొప్పల్లో ఎక్కి కొన్నాళ్లు తిరిగి
ఎక్కడో ఇసుకలో దిగిపోతాయట.
అంటుగుల్లకి చేపతో పన్లేదు,
నీళ్లెటు పోతే అటే.
"మరి చేపలు ఈ గేట్లు దాటతాయామ్మా?" అన్నాను.
ఆమె అటు చూసింది, బారుగా డెబ్బై గేట్లు.
సీసా మూత బిగించుకుంది.

అన్నం గిన్నె ఖాళీ చేసి కృష్ణ నీళ్లు పోశాను.
ట్యూబు మీద పెట్టుకుని
దీవి వెనక, పడవలు తిరగని ఇసుకకి తోసుకెళ్లాను.
దారిలో ఒక్కసారి నోరు తెరిచింది.
కాలో నాలుకో, తెల్లగా,
వెంటనే మూసుకుంది.

ఆ రోజు పుస్తకంలో నా పేరు పక్కన ఏడు.
ఏసుపాదానికి పదకొండు.
"నీళ్లలో నిద్రపోయావా?" అన్నాడు కాంట్రాక్టరు.

పొద్దున్నే వెళ్లి చూస్తే
ఇసుకలో గీత ఉంది, జానెడు.
గీత చివర ఏమీ లేదు.
లోపలికి దిగిందో, కొంగ ఎత్తుకెళ్లిందో.
చెయ్యి పెట్టి వెతకబోయి ఆగాను.

గిన్నె తొలుస్తుంటే కనబడింది,
మూత లోపలి మడతలో
గోరంత ఒకటి,
నిన్న నా చేత్తో నేనే మోసుకొచ్చినది,
అప్పుడే దారం వేసుకుంటోంది.