బల్ల అడుగు

మా రొట్టెల కొట్లో పిండి పిసికే బల్ల
పైనుంచి చూస్తే బల్లే.
కిందికి దూరి వెల్లకిలా పడుకుంటే పుస్తకం.

మేకుతో గీసినవి, మసిబొగ్గుతో రాసినవి,
ఒకచోట ఎవరిదో పెదవిరంగుతో
తేదీలు, పేర్లు, ఎంతసేపు ఊగిందో లెక్క.
మొదటి వరస అమ్మమ్మ ఎర్మిండాది:
"తెల్లవారుజాము. రెండు పరలోక ప్రార్థనలంత సేపు."
గడియారం అప్పటికే గోడ దిగి ముక్కలైంది మరి.

మా చిలీ తీరంలో దీనికి రెండు మాటలు.
తెంబ్లోర్ అంటే వణుకు. దానికెవరూ కుర్చీలోంచి లేవరు,
టీ కప్పుని అరచేత్తో మూసి కబురు కొనసాగిస్తారు.
తెర్రెమోతో అంటే
నిలబడటం నీ చేతుల్లో లేనిది.
చిక్కల్లా, మొదటి మూడు క్షణాలూ
రెండూ ఒక్కలాగే ఉంటాయి.
అందుకే అమ్మమ్మ ప్రతి వణుక్కీ బల్ల కిందికి దూరేది.
ఇరుగుపొరుగు నవ్వేవారు.
మోకాళ్ళకంటిన పిండి దులుపుకుంటూ బయటికొచ్చి
"నవ్వండి, నవ్వడానికైనా మిగలాలిగా" అనేది.

ఎందుకొస్తుందని అడిగితే సొరుగు చూపించేది,
వానలకి ఉబ్బి బిగుసుకుపోయే చెంచాల సొరుగు.
"సముద్రం అడుగున ఒక రాతి పలకుంది.
మన నేల కిందికి దూరాలని దాని యావ.
ఏడాదికి బెత్తెడు, అంతే. తొందరేం లేదు దానికి.
కానీ రాయిని రాయి పట్టేస్తుంది, కదలనివ్వదు.
నెట్టు. ఇంకా నెట్టు."
నేను నెట్టేదాన్ని.
నూరేళ్ళ బెత్తెలన్నీ ఒక్క గుంజులో
సొరుగు దభాలున లోపలికి పోయి
నా నుదురు చెక్కకి కొట్టుకుని
చెంచాలన్నీ ఘొల్లుమని...
"అదీ" అనేది, నుదుటికి వెన్న రాస్తూ.
"దేవుడి కోపం కాదు. పాపఫలమూ కాదు. సొరుగు."

చెంచాలు సర్దుకునే చప్పుడు
తరవాత చాలాసేపు వినబడుతుంది.
చిన్న చప్పుడే. బీటలిచ్చిన గోడకి అది చాలు.

ఆ ఆగస్టు రాత్రి, పిండి పొంగుతూండగా
ముందు కుక్క లేచింది, తరవాత నేల.
అన్సెల్మో గుమ్మం వైపు ఉరికాడు.
అమ్మ వాడి చొక్కా పట్టి కిందికి లాగింది.
గుమ్మం బయట పెంకులు వానలా రాలుతున్నాయి.
తలా మెడా చేతుల్లో దాచుకుని
తలా ఒక కాలు పట్టుకున్నాం.
బల్ల నడిచింది. దానితో మేమూ నడిచాం.
పళ్ళాల అలమర మాత్రం పడలేదు.
అరవై తొమ్మిదో ఏట, నోట్లో మరలు కరిచిపట్టుకుని
అమ్మమ్మ దాన్ని గోడకి బిగించింది.

ఆగాక, మంచం కింది బూట్లు తొడుక్కుని,
గ్యాసు మీట తిప్పేసి, కొండెక్కాం.
సైరన్ కోసం చూడలేదు.
కరెంటే పోయిన ఊళ్ళో సైరన్ ఎక్కణ్ణుంచొస్తుంది?
నిలబడలేనంతగా ఊగడమే సైరన్.

సమాధుల దిబ్బ మీంచి చూస్తే
సముద్రం వెనక్కి వెళ్ళిపోయి ఉంది.
రేవు అడుగంతా వెన్నెల్లో
చేపలు తళతళ కొట్టుకుంటున్నాయి.
మొదటి అల మోకాలెత్తు వచ్చి పోయింది.
"ఇంతేనా" అన్నాడు అన్సెల్మో.
బకెట్ ఎక్కడ దొరికిందో వాడికి.
అమ్మ చేతికి ఈసారి చొక్కా అందలేదు.

బల్ల అడుగున ఆ వరస నేనే రాశాను:
"నాలుగు నిమిషాలు. ముగ్గురం దూరాం.
ముగ్గురం బయటికొచ్చాం."
బల్ల అబద్ధం చెప్పదు. మిగతాది దాని పని కాదు.

నిన్న మధ్యాహ్నం చిన్న వణుకు.
నాకంటే ముందే దూరింది నా కూతురు రాయెన్. నాలుగేళ్ళది.
ఆగిపోయినా బయటికి రాదే!
వంగి చూస్తే, నాలుక బయటపెట్టి
బొగ్గుతో ఏదో గీస్తోంది,
నా వరస పక్కనున్న ఖాళీలో.
"ఏంటే అది?"
"చేప."

చాలాసేపు అలాగే వంగి ఉన్నాను.
బల్ల కాలు పట్టుకోవడం మర్చిపోయావు, అన్నాను.