చిత్రకొండ లాంచీ ఎక్కబోయే హైమకు

ఏడు గంటల లాంచీ అంటారు.
ఎనిమిదింపావుకి కదుల్తుంది.
అయినా నువ్వు ఆరున్నరకే రేవులో ఉండు.
సారంగు నిరాపద మండల్‌కి గడియారం లేదు,
గట్టు మీద జనాన్ని చూసి కూత వేస్తాడు.
సంతరోజు ఆ జనం తెల్లారకముందే నిండిపోతారు.

పలక మీద నడిచేప్పుడు నీళ్లను చూడకు,
ముందు నడిచేవాళ్ల మడమల్ని చూడు.
చెప్పులు చేత్తో పట్టుకో, సిగ్గేం లేదు.
పోయినేడు బీడీఓ గారి చెప్పు ఒకటి ఇక్కడే మునిగింది,
రెండోదాన్ని పట్టుకుని ఆయన
చాలాసేపు అలాగే నిలబడ్డారు.

టీకాల డబ్బా నీ ఒళ్లోనే. ఎవరు సాయం పడతామన్నా ఇవ్వకు.
మిగతా సామాను ఎవరడిగితే వాళ్లకిచ్చేయ్,
దిగేచోట నీకంటే ముందే దిగి ఉంటుంది.

ఇంజను పక్కన చోటు ఖాళీగా ఉందని మురిసిపోకు.
ఎందుకు ఖాళీయో అరగంటలో నీ చీరకు తెలుస్తుంది.
ఒకవైపు ఎండ, ఇంకోవైపు మేకలు.
నేనైతే మేకల వైపే.

ఇక తిండి సంగతి.
శ్రద్ధగా విను, ట్రైనింగులో ఇది చెప్పరు.
లాంచీలో కొట్టుండదు. టీ కూడా రేవులోనే తాగెయ్యాలి.
పర్లాకిమిడి పిల్లవి, మీ అమ్మ పులిహోర కట్టే ఉంటుంది.
మంచిదే, సాయంత్రం దాకా పాడవదు.
నీళ్ల సీసాలు రెండు.
చుట్టూ ఇంత నీరుంది కదా అనుకునేవు.

మొదటిరోజు నేను డబ్బా విప్పి
అందరికీ వీపు పెట్టి తిన్నాను.
ఉప్మా. జీడిపప్పు కూడా ఉంది, ఏం లాభం?
పదకొండేళ్లయింది,
ఆ వీపు ఇంకా నాకు బరువే.

ఆవేళే, జొడాంబో ఇంకా కనబడకముందే
ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
మూడు గంటలు. గాలి ఎటు తోస్తే అటు.
మండల్ మోచేతుల దాకా నూనెతో
ఏదో విప్పుతున్నాడు, ఎవర్నో బెంగాలీలో తిడుతున్నాడు.
నా డబ్బా ఖాళీ. కడిగేశాను కూడా.

అప్పుడు ఒక దిదాయి ముసలామె
ఆనపబుర్రలోంచి అంబలి వంచింది.
మొదట కొంచెం నీళ్లలోకి.
తరవాత ఆకుదొప్పలో నాకు,
తరవాత మేకలవాడికి, ఆఖర్న తనకి.
నీళ్లలోకెందుకని
వచ్చీరాని దేశియాలో అడిగాను.
లాంచీ అంచు మీంచి చెయ్యి కిందికి చూపించింది.
"ఇక్కడే, మా పొయ్యి."
కూరేమిటని అడిగితే చెప్పినట్టు చెప్పింది.
మళ్లీ బుర్రకి మూత బిగించుకుంది.

ఆమె పేరు అడగలేదు నేను.
తరవాత జాబితాలో వెతికితే
అరవై దాటినవాళ్లలో ముగ్గురు సొమారీలున్నారు.
ముగ్గురికీ బీపీ చూశాను. ముగ్గురూ
నన్ను ఎప్పుడూ చూడనట్టే చూశారు.

అందుకని హైమా, దొప్ప చేతికిస్తే వద్దనకు.
పుల్లగా ఉంటుంది, ముక్కు ముడుచుకుపోతుంది.
ముడుచుకో, కానీ తాగు.
వాళ్లకీ నవ్వుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.
వెదురుకొమ్ముల కూర మాత్రం కొత్తలో కొంచెమే తిను.
నాలుగు గంటల దారి, మరుగుదొడ్డి లేదు.
ఇదీ ట్రైనింగులో చెప్పరు.

నీ డబ్బా మూత తెరిచి పక్కన పెట్టు చాలు,
తినమని బతిమాలక్కర్లేదు.
ఎవరైనా చెయ్యి పెడితే వాళ్ల ముఖం చూడకు,
కొండల వైపు చూస్తూ మాట్లాడు.

తిరుగు లాంచీ మూడింటికి అంటారు.
టార్చి పెట్టుకో.
మూరీల పొట్లం ఒకటి ఎక్కువ కట్టించు.
మండల్ పొద్దున్నుంచి తిని ఉండడు, అడగడు కూడా.
పచ్చిమిరపకాయ మరిచిపోకు,
అది లేకపోతే మొహం మాడ్చుకుంటాడు.