నాలుగు సెకండ్లు

ఈ సంగతి ఇప్పటిదాంక ఎవ్వలకు చెప్పలె.
ప్రిన్సిపాల్‌కు చెప్పలె, ఇంట్ల చెప్పలె,
జమునకైతే అసలే చెప్పలె.

దేవరకొండ గురుకులం ఎనక మొరం నేల.
చుట్టు కొలిస్తె మూడొందల మీటర్లు,
ఐదు చుట్లు ఉరికితె పదిహేనొందలు.
పొద్దుగాల ఐదుంబావుకు
బోరింగు కాడ మొఖం కడుక్కొని
రమావత్ జమున గీత మీదికొచ్చేది,
అడుగు ఊడిన ఎడమ బూటుకు
సుతిలి దారం చుట్టుకొని.
నా మెడల స్టాప్‌వాచ్.
నా జేబుల, మార్చితోని అయిపోయే కాంట్రాక్టు కాయితం.
దాని మీద నా పేరు కన్న కిందున్న గడి పెద్దది:
సాధించిన పతకాలు.

ఐతారం ఐతారం వాళ్ల నాయిన భీల్యా
జొన్నరొట్టెల మూట పట్టుకొని కంచె కాడ నిలబడేటోడు.
లోపటికి రమ్మంటె రాడు. చెప్పులు మట్టున్నయంటడు.
"మూడు బోర్లేసిన సార్, మూడూ ఎండినయ్.
గీమె నాలుగోది."
గంతే అని బండి కిక్కు కొట్టి పోయేటోడు.
బిడ్డ ఆ మాట ఇన్నదో లేదో.
ఆ దినం మాత్రం ఆరో చుట్టు ఉరికేది,
ఎవరూ అడగకున్న.

ఆకలున్న కుక్కే ఉరుకుతదని
ట్రెయినింగుల ఒకాయన చెప్పిండు.
నోటుబుక్కుల రాసుకున్న, కింద గీత గీసుకున్న.

నవంబర్ల ఒక పొద్దు, మంచు పల్చగున్నది.
జమున గీత దాటింది.
నేను నొక్కలె.
బొటనవేలు బటన్ మీదనే ఉన్నది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అప్పుడు నొక్కిన.
మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, రొప్పుకుంట,
"ఎంతొచ్చింది సార్?"
"ఐదు నిమిషాల రెండు. ఏం తిన్నవ్ రాత్రి?"

ఆ రాత్రి సంది అన్నం సగం చేసింది.
కడుపునొప్పి దినాలల్ల సుత ఉరికింది.
ఆమె చెప్పలె. నేను అడగలె.
నా బొటనవేలు రోజూ ఆలస్యంగనే లేచింది.

జనవరిల పాలమూరు స్టేడియం.
సున్నపు గీతలు, మైకు గరగర, గ్లూకోజు పొట్లాలు.
జమున మూడోదొచ్చింది.
నాలుగు నిమిషాల యాభై ఆరు.
పిల్లలు ఎగురుతున్నరు, ఆమె ఎగరలె.
పేర్లు రాసే బల్ల కాడికి నడిచిపోయి
చేతులు కట్టుకొని అన్నది:
"సార్, నాది తప్పు రాసిండ్రు.
నేనంత జల్ది ఉరకను."
బల్ల మీదాయన నవ్విండు.
పక్కాయనకు చెప్పి మల్ల నవ్విండు.
జమున నా దిక్కు తిరిగి,
"మీరన్న చెప్పుండ్రి సార్."
నేను వంగి
ఇప్పుకోని బూటు లేసు కట్టుకున్న.

ఫోన్ల భీల్యా అడిగిండు,
"మూడోదానికి కోట ఒస్తదా సార్?"
సిగ్నల్ లేదన్న.

బస్సు జడ్చర్ల దాటింది. పిల్లలంత నిద్ర.
ఆమె ఒడిల బూట్లు, వాటి మీద కంచు పతకం,
ఏళ్ల మీద ఏదో లెక్క పెడుతున్నది.
కల్వకుర్తి బస్టాండుల చాయ్ తాగంగ అన్నది:
"సార్, మన గ్రౌండు పెద్దగున్నదేమో.
ఒకసారి టేపుతోని కొలుద్దమా?"

మర్నాడు పొద్దుగాల కొలిచినం.
యాభై మీటర్ల టేపు, ఆరు మార్లు.
ఒక కొస ఆమె పట్టింది, ఒక కొస నేను.
మలుపుల కాడ మేకులు కొట్టింది,
వంగి అంకె చూసి పైకి చదివింది,
తరగతిల పాఠం చదివినట్టు.
మూడొందలు.
బెత్తెడు ఎక్కువ లేదు, బెత్తెడు తక్కువ లేదు.

జమున టేపు చుట్టుకుంట చుట్టుకుంట
నా దగ్గరికొచ్చింది.
ఆఖరి మీటరు కాడ ఆగి
నా మెడ దిక్కు చూసింది.

ఏమనలె.
సుతిలి దారం మల్ల గట్టిగ కట్టుకొని
గీత మీదికి పోయింది.