పడెయ్యబాక

ఫ్రిజ్ దిగిన పూట
ఇంటిల్లిపాదీ దాని తలుపు తీసి మూసి ఆడుతుంటే
మా అత్త చెంచురత్నం
పెట్టె చుట్టూ తిరిగింది.
గుమ్మడికాయ ముదిరిందో లేదో చూసినట్టు
వేలి గణుపుతో కొట్టింది.
"ఐదు పొరలే. మంచి అట్ట. పడెయ్యబాక."

మూలాపేటలో రెండు గదుల బాడుగ మాది.
ఫ్రిజ్‌కే చోటు చాలక పప్పుల డబ్బాలు మంచం కిందికి పోయినాయి.
ఇంక దాని చొక్కాకి చోటేదత్తా అన్నాను.
వినలా.
ఆమె సంగతి అటక ఎక్కితే తెలుస్తుంది:
మిక్సీ పెట్టెలో మామయ్య హోంగార్డు టోపీ,
చెప్పుల పెట్టెలో తీరిపోయిన చీటీల లెక్కలు,
టీవీ అమ్మేసి నాలుగేళ్ళు, పెట్టె మాత్రం అట్నే.

సెలవుల్లో మా శరణ్య
ఆ అట్టకి కత్తితో కిటికీ కోసింది.
"టిక్కెట్, టిక్కెట్! బిట్రగుంట, కావలి, సింగరాయకొండ!"
ముసలామె మోకాళ్ళు కావలించుకుని లోపల కూర్చుని
ఒంగోలు దాకా పోయొచ్చింది.
కరెంటు పోయిన రాత్రుళ్ళు
కిటికీ ముక్కే మాకు విసనకర్ర.
ఒక రెక్క బియ్యం మూట కిందికి,
ఇంకో రెక్క కుంటి బల్ల కాలికిందికి.
మిగిలింది, అటక మీద పాతవీ కలిపి
మస్తాన్‌కి వేద్దామంది చివరికి.
చానా పెద్ద మనసు చేసుకునే.

బేస్తవారం బండొస్తుందనగా
ముందు రాత్రి దొడ్లో చప్పుడైతే లేచి చూశాను.
చెంబుతో నీళ్ళు,
వాకిట్లో కళ్ళాపి చల్లినంత శ్రద్ధగా
అట్టల మడతల్లోకి.

పొద్దున మస్తాన్ కాటా తియ్యలేదు.
అరచెయ్యి ఆనించాడు.
"ఏందమ్మా, రోహిణి కార్తెలో
మీ ఇంటి మీదొక్కటే కురిసిందా వాన?"
"రాత్రి మంచు పడింది" అంది అత్త, గోడ వైపు చూస్తా.
నాకు నవ్వాగలా. అతను మాత్రం నవ్వలా.
"తడిస్తే మిల్లోళ్ళు నాకు కోస్తారమ్మా.
మీరు నా మీద పోస్తిరి,
నేనెవరి మీద పొయ్యాల?"

బండి సందు మలుపు తిరిగిపోయింది.
ఆ పూట ఆమె కాఫీ తాగలా.
కట్టలన్నీ మిద్దె మీదికి తానే మోసింది.
వడియాల గుడ్డని ఒక వారకి జరిపి
అట్టలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి,
ఎండ తిరిగినప్పుడల్లా తిరగేసింది.
వేడికి తడి గడ్డివాము వాసనొచ్చింది మిద్దంతా.
కాకుల్ని తోలే కర్ర పట్టుకుని
గాలికి కాపలా కూర్చుంది.

మళ్ళీ బేస్తవారం.
తొమ్మిదిన్నర కేజీలు. ఎనిమిది లెక్కన డెబ్బై ఆరు.
ఎనభై చేతిలో పెట్టి బండెక్కాడు.
"నాలుగు ఎక్కువిచ్చావయ్యో!"
"మంచుకి" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

మొన్న ఆడపడుచు మలైకాజా తెచ్చింది.
కాజా సంగతి తర్వాత,
ముందు పెట్టెని బోర్లించింది మా అత్త.
అడుగున బూడిదరంగు అట్ట,
గోటితో గీరితే లోపల ఎక్కడో
నీలం నలుసొకటి, అరగని మెతుకులా.
"మన ఫ్రిజ్ పెట్టెదే ఇది" అంది.
ఏ ఊరి మిల్లో, ఎవరింటి అట్టో, ఎవరికెరుక.
కాదనబుద్ధి కాలా.
"నెయ్యి అంటింది గదత్తా,
దీన్ని మస్తాన్ తీసుకోడు" అన్నాను.

"అయితే ఇంక యాడికీ పోదు" అని
దాన్లో సూదులూ గుండీలూ
పోసుకుంది.