గోడకవతలి గాలి

నాంపల్లి గల్లీలో మూడో అంతస్తు.
ఒకప్పుడు పాత రిజిస్టర్లు దాచిన కొట్టుగది.
ఇప్పుడందులో ఆరు సర్వర్లు, రెండు ఏసీలు,
చెయ్యి విరిగిన కుర్చీ, నేను.

మే నెల. కింద తారు చెప్పులకంటుకుంటోంది.
నేను మంకీ క్యాపు పెట్టుకుని
రీడింగులు రాస్తున్నాను:
పద్దెనిమిది. పద్దెనిమిదిన్నర.

చల్లబరచడమంటే వేడిని చంపడం కాదు,
గోడకవతలికి గెంటడం.
గెంటిన వేడి పోయి పోయి
ఎదురింటి కౌసర్ బేగం బాల్కనీలో పడుతుంది.
మొదట్లో పోట్లాడింది.
తర్వాత ఆ గాలికి అప్పడాలు ఆరబెట్టడం మొదలెట్టింది.
నెలకో కట్ట మాకూ పంపుతుంది.

ఫ్యాన్ల హోరును మాత్రం ఎటూ గెంటలేం.
అది నాతోపాటే బస్సెక్కి బోరబండ దాకా వస్తుంది.
మంచినీళ్లడిగినా
తిట్టినట్టే ఉంటుందట ఇంట్లో.
"పక్కనే ఉన్నా కదా" అంటుంది సుగుణ,
అదీ రెండోసారి చెబితేగానీ వినబడదు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది.
జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
బ్యాటరీలో పదకొండు నిమిషాలు.
ఏసీలకు ఆ భాగ్యం లేదు;
ఇరవై నాలుగు, ఇరవై తొమ్మిది,
వెళ్లగొట్టిన వేడి తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది.
యూపీఎస్ కీచుమంటుంటే
ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాను.
జీతాల లెక్కలది ఆఖరున,
తొమ్మిదో నిమిషంలో.

ఆ తర్వాత నిశ్శబ్దం అయ్యే ఉంటుంది.
నా చెవుల్లో ఫ్యాన్లింకా తిరుగుతున్నాయి.

కిటికీ తెరిచాను.
ఎదురు బాల్కనీలో కౌసర్ బేగం,
చేతిలో సగం ఆరిన అప్పడం:
"క్యా హువా భాయ్, హవా బంద్?"

జవాబు చెప్పాను.
గల్లీ అంతా తలెత్తి చూసింది.